నీళ్ళు పట్టిన కాయ

జామక్క బండి దగ్గర కాయ కొనడం అంత తేలికైన పని కాదు. సంచీ చాపగానే వేసిచ్చే మనిషి కాదావిడ. ముందు అడిగినవాటికి జవాబులు చెప్పాలి. కాయ ఎవరికి? ఎప్పుడు తింటారు, ఇప్పుడా, సాయంత్రమా, రేపటికా? తినేవాళ్ళ పళ్ళు గట్టివా, కట్టుడువా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? బాగాలేకపోతే ఏమిటి, ఎన్నాళ్ళనుంచి, ఏ డాక్టరుకి చూపించారు? కాయలకని వచ్చినవాళ్ళు ఇంటి గుట్టంతా ఆ బండి మీద పరిచి, ఆఖరికి నాలుగు కాయలతో వెళ్ళేవాళ్ళు. అయినా మళ్ళీ వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆ నాలుగు కాయలూ ఆవిడ చెప్పిన పూటకి, చెప్పినట్టే పండేవి. తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది నాలుగింటికి తినండి, ఆరు దాటితే నా పూచీ లేదు" అందంటే అంతే.

కంటాసుపత్రి గోడ పక్కన ఇరవయ్యారేళ్ళుగా అదే బండి. దాని మీద మూడు బుట్టలు. ఒకదాంట్లో పచ్చివి, ఒకదాంట్లో దోరవి, ఒకదాంట్లో పండువి. కాయ బాగాలేని రోజున మూడు బుట్టల మీదా గోనెపట్టా కప్పి కూర్చునేది. "ఈవేళ చప్పగా ఉంది, ఎల్లుండి రండి" అని వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేసేది.

ఆవిడ మొగుడు రిటైరైన బస్సు కండక్టరు. ఆ పట్టా చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది.

"ఎక్కడానికి వచ్చినవాణ్ణి దిగిపొమ్మనే కండక్టర్ని నా సర్వీసులో చూళ్ళేదే."

"బస్సు గుంటలో పడుతుందని తెలిస్తే మీరు ఎక్కించుకుంటారా?"

"ఎక్కించుకుంటాం. టికెట్టు కొట్టాక గుంట సంగతి డ్రైవరుది."

రెండేళ్ళ కిందట రోడ్డుకి అవతల గాజు తలుపుల సూపర్ మార్కెట్టు వచ్చింది. అందులోనూ జామకాయలే. ఒక్కొక్కటీ పిడికిలంత, తెల్లటి నురగ వల తొడుక్కుని, బడిపిల్లల్లా వరసగా కూర్చుని ఉండేవి. ఏ కాయకీ మచ్చ లేదు. జామక్క ఊరుకునే రకమా? మొదటి వారమే వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చింది. నొక్కి చూసింది. వాసన చూసింది, వాసన లేదు. కిటికీ గూట్లో పెట్టి వారం రోజులు కాపలా కాసింది. కాయ మెత్తబడలేదు, రంగు మారలేదు. అలిగి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిలా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. ఎనిమిదో రోజున కోసి తింది. తీపి ఉంది, కాదనలేం. నములుతుంటే కరకరమంది. కానీ మింగాక నోట్లో ఏమీ మిగల్లేదు.

"నీ కాయకి వాసన ముందొస్తుంది, రుచి వెనకొస్తుంది. వాళ్ళ కాయకి చప్పుడొక్కటే వస్తుంది" అన్నాడు రోజూ వచ్చే డ్రాయింగు మాస్టారు. ఆ మాటని జామక్క నెలరోజుల పాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, తనే అన్నట్టుగా.

ఇక ఆ వాసన ఎక్కడిదంటే తోటది. బస్సులో అరగంట ప్రయాణం. యాభై ఆరు చెట్లు, తోటాయన తండ్రి నాటినవి. జామక్క ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, కాయల వల్ల కలిసిందే. ఏటా కాపు మొదలవగానే మొదటి బుట్ట జామక్క దగ్గరికి వచ్చేది. ఆవిడ కొరికి చూసి కబురు పంపేది. "నీళ్ళు ఆపు" అనో, "కొమ్మలు కమ్ముకున్నాయి, ఎండ దిగడంలేదు" అనో, "తొందరపడి కోయించావు, నాలుగు రోజులు ఆగు" అనో. తోటాయన ఆ కాయ ఏ వైపుదని కోసినవాళ్ళని అడిగి, ఆ మాట ప్రకారం చేసేవాడు. ఒక ఏడు మరీ కోపంగా, "ఇది జామకాయా, తడిగుడ్డా?" అని కబురు పెడితే, ఆయన నవ్వి వారంపాటు పాదులు తవ్వించాడు. ఆ తరవాత వచ్చిన కాయ గురించి వీధంతా చెప్పుకున్నారు.

ఈ ఏడు వాన విడవలేదు. కాలం కాని కాలంలో పట్టి అయిదు వారాలు కురిసింది. తోటాయన కొడుకు అప్పటికే వేరే ఆలోచనలో ఉన్నాడు. సూపర్ మార్కెట్టు కంపెనీ మొక్కలిస్తుంది, పాత చెట్లు తీసేసి అవి పెడితే కాసిన ప్రతి కాయా వాళ్ళే తీసుకుంటారు. అతను చెడ్డవాడేం కాదు. జామక్క అంటే చిన్నప్పట్నుంచీ అత్తా అత్తా అని తిరిగినవాడే.

"నాలుగు రోజుల్లో మెత్తబడే కాయని లారీ ఎలా ఎక్కించను అత్తా? పోయినేడు సగం కాపు చెట్టు కిందే కుళ్ళింది. నువ్వొక్కదానివి మూడు బుట్టలు అమ్ముతావు. మిగిలింది ఏం చెయ్యను, తల కింద దిండుగా పెట్టుకోనా?"

తోటాయన మధ్యలోకి వచ్చాడు.

"మీ అత్త రెండూ తిని చూస్తుంది. ఏది బాగుందంటే అదే. మన కాయ బాగుందంటే చెట్లుంటాయి. ఇక నువ్వు ఆ మాట ఎత్తకూడదు."

ఆదివారం పొద్దున తోట ఇంటి అరుగు మీద కూర్చున్నారు. కొడుకు రెండు కాయలూ చెక్కు తీసి, ముక్కలు కోసి, రెండు స్టీలు పళ్ళేల్లో పెట్టి తెచ్చాడు. రెండూ లోపల తెలుపే. చూస్తే తేడా తెలియదు. పళ్ళెం కింద పెట్టకముందే జామక్కకి తెలిసిపోయింది. ఎడమవైపు పళ్ళెం నుంచి వాసన లేచింది, పల్చగా, తడిసిన బట్టల్లోంచి వచ్చే సబ్బు వాసనంత. అది మన కాయ.

ముక్క నోట్లో పెట్టుకుంది. ఏముంది అందులో? నీళ్ళు. తీపి ఎక్కడో అడుగున ఉంది, చెయ్యి పెడితే అందనంత లోతున. తరవాత కుడి పళ్ళెంలోది తింది. వాసన లేదు కానీ కరకరలాడింది. తీపి ముందుకొచ్చి నిలబడింది. ఆ పూటకి, ఆ రెండు ముక్కల్లో, అదే బాగుంది.

తండ్రీ కొడుకులు ఆవిడ నోటికేసే చూస్తున్నారు. అరుగు మీంచి తోట కనబడుతోంది. ఇరవయ్యారేళ్ళలో కాయ విషయంలో జామక్క ఒక్క అబద్ధం ఆడలేదు. ఇంట్లో ఆడింది, బేరాల్లో ఆడింది, మొగుడితో రోజుకి మూడు ఆడేది. కాయ విషయంలో మాత్రం లేదు. ఇప్పుడు బాగాలేదంటే ఆ చెట్లన్నీ నేలమట్టం.

"ఇదే" అంది ఎడమ పళ్ళెం చూపిస్తూ. "ఇంకేం అడుగుతారు? దీని ముందు అదెంత! అది ఉత్త..." ఇంకా ఏదేదో చెప్పుకుపోయింది. గొంతు కాస్త పెద్దదైంది. ఆ మాటల హడావిడిలో చెయ్యి దానంతటదే సాగి ఇంకో ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

తోటాయన ఆ చేతికేసి చూశాడు. ఆ తరవాత నేలకేసి చూశాడు.

"సరే చెల్లెమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో మొదటి పది నిమిషాలూ ఆవిడకి గాల్లో తేలినట్టుంది. చెట్లు నిలబెట్టాను అనుకుంది. ఆ తరవాత కుడి పళ్ళెంలోని తీపి గుర్తొచ్చింది. దిగేదాకా అది వదల్లేదు.

సోమవారం తోట వ్యాను డ్రైవరు బుట్టలు దించాడు. కొరికి చూస్తే అదే నీళ్ళకాయ. మామూలుగా అయితే పట్టా కప్పెయ్యాలి. కానీ ఎలా కప్పుతుంది? వ్యాను అతను సాయంత్రం ఖాళీ బుట్టలకి వస్తాడు, పట్టా చూస్తాడు, తోటలో చెప్తాడు. అందుకని తెరిచి పెట్టింది. వచ్చినవాళ్ళని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే మాట్లాడాలి, మాట్లాడితే ఎక్కడ బయటపడుతుందో అని భయం. కాయలు తూచి సంచుల్లో పోసింది, అంతే. జామక్క నోరు మూసుకుని కాయలమ్మడం చూసి ఆసుపత్రి వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "అక్కా, పన్ను నొప్పా?" అని అడిగాడు.

మంగళవారం డ్రాయింగు మాస్టారు వచ్చాడు. చేతిలో సగం తిన్న కాయ.

"ఇదేంటమ్మా, నీళ్ళు కొరికినట్టుంది?"

"వానలు కదండీ."

"వానలు నాకూ తెలుసు. మరి నిన్న చెప్పలేదేం? చెప్తే మానేసేవాణ్ణి కదా. మా ఆవిడ పథ్యం తరవాత మొదటిసారి నోరు తెరిచి అడిగింది. నువ్వు ఏం మాట్లాడకుండా ఇచ్చావంటే దివ్యంగా ఉంటుందనుకున్నా."

"ఈసారికి ఊరుకోండి మాస్టారూ."

"ఊరుకోక కొడతానా ఏంటి?" అని నవ్వి, ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళింది రోడ్డు దాటి గాజు తలుపుల వైపు. వెనక్కి తిరిగి చూస్తే జామక్క చూస్తోందని తెలిసి, తలుపు తోస్తూ కొంచెం సిగ్గుపడ్డాడు. తిట్టి వెళ్ళినా బాగుండేది ఆవిడకి.

బుధవారం బుట్టలు రాలేదు. వ్యాను అతను ఖాళీగా వచ్చి ఆపాడు.

"తోటలో కోత మొదలెట్టారక్కా. కాయలు కాదు, చెట్లు. పెద్దాయన సంతకం పెట్టేశాడంట. మిషను వచ్చింది."

"సంతకమా? నేను బాగుందన్నాను కదరా!"

"నాకేం తెలుసక్కా. నేను బుట్టలు మోసేవాణ్ణి."

ఇంటికొచ్చి బండి తాళ్ళు కట్టకుండానే మొగుడి ముందు కూలబడింది. జరిగిందంతా చెప్పింది. ఏ పళ్ళెం చూపించిందో, ఎందుకు చూపించిందో. ఆయన రేడియో ఆపి విన్నాడు. వెక్కిరిస్తాడేమో అనుకుంది. వెక్కిరించినా బాగుండేది.

"కుడి పళ్ళెంలోది రెండో ముక్క తిన్నావా?" అని అడిగాడు.

"నేనెందుకు తింటాను?"

"మనింట్లో కూర బాగుంటే నువ్వు మాట్లాడుతూ గిన్నెలో చెయ్యి పెడతావు. ముప్ఫయ్యేళ్ళనుంచి చూస్తున్నా. బాగాలేకపోతే పెట్టవు."

జామక్క తన చేతికేసి చూసుకుంది. అరుగు, పళ్ళేలు, తోటాయన నేలచూపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చాయి.

"చొక్కా వేసుకోండి" అంది. "బస్సుకి వేళవుతోంది."

వాళ్ళు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. రోడ్డు మీదికే మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు కన్నా ముందు వాసన తగిలింది. విరిగిన జామకొమ్మల వాసన, పచ్చి ఆకుల వాసన, నలిగిన పళ్ళ వాసన. ఎగువ సగం అప్పటికే లేదు. ఇరవై ఎనిమిది చెట్లు పక్కకి ఒరిగి, వేళ్ళు బయటపెట్టుకుని పడున్నాయి. కొమ్మలకి కాయలు అలాగే ఉన్నాయి.

తోటాయన దిగువ సగంలో ఒక చెట్టు కింద కుక్కిమంచం మీద కూర్చునున్నాడు. ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఏంటిది? నేను మన కాయే బాగుందన్నానా లేదా?"

"అన్నావమ్మా."

"మరి?"

"నీ నోరు ఒకటి చెప్పింది. నీ చెయ్యి అవతలి పళ్ళెంలోకి వెళ్ళింది." ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఆవిడకి భయమేసింది. "ఇరవయ్యారేళ్ళుగా నా కాయని నువ్వు తిడుతూ వచ్చావు. తడిగుడ్డ అన్నావు, గడ్డి అన్నావు. తిట్టినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. ఇంకా బాగుచెయ్యొచ్చని అర్థం కదా. మొన్న నువ్వు మొదటిసారి పొగిడావు. నీలాంటిదానికే అబద్ధం ఆడాల్సి వచ్చిందంటే, చెట్లు పూర్తిగా పోయినట్టేనని తీర్మానించుకున్నా. పోయినవాళ్ళ గురించే కదా అలా మంచిగా మాట్లాడతాం."

జామక్క కింద కూర్చుండిపోయింది.

పడిన చెట్లకేసి చూస్తూ అడిగింది, "ఆవేళ ఆ కాయ ఏ చెట్టుది?"

కొడుకు అందుకున్నాడు. "ఈ దిగువ చెట్లదే అత్తా. ఎగువకి ఎక్కే బాట బురదగా ఉండి వెళ్ళలేదు, దారి పక్కనే కోశా. వ్యానులో పంపినవి కూడా ఇక్కడివే."

ఆవిడ లేచింది. పడిపోయిన చెట్ల దగ్గరికి వెళ్ళి, ఒక కొమ్మనుంచి దోరకాయ తెంపి, కొంగుతో తుడిచి కొరికింది. ఆగింది. మళ్ళీ కొరికింది. ఎగువ నేల ఏటవాలు, నీళ్ళు నిలవవు. ఈ కాయలో తీపి, వగరు, వాసన, అన్నీ ఉన్నాయి. మొత్తం తినేసి తొడిమ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆదివారం నాడు "నీళ్ళు" అని ఒక్క మాట అనుంటే తోటాయన వెంటనే "ఏ వైపుది?" అని అడిగేవాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే అది.

"ఇవి బాగున్నాయి అన్నయ్యా" అంది. "నువ్వు నమ్మకపోయినా సరే. ఇవి బాగున్నవి."

తోటాయన ఒక కాయ తెంపుకుని తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"మరి నా దగ్గర ఎందుకు అబద్ధం ఆడావు చెల్లెమ్మా?"

"చెట్లు పోతాయని."

"నాకు పోతాయని భయం లేదనుకున్నావా? నీ మాట వింటే ఏదో దారి దొరుకుతుందనే కదా నిన్ను పిలిచింది. లేకపోతే తినడానికి నాకు నోరు లేదా?"

కండక్టరు చెట్టుకి ఆనుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఎగువ సగానికే కాగితం రాశారు. దిగువ సగానిది సాయంత్రం కంపెనీ ఆఫీసరు వచ్చాక రాయాలి. కొడుకు ఆ సంగతి చెప్పి కాసేపు తటపటాయించాడు. అతనికీ ఆ పడిన చెట్లకేసి చూడటం ఇష్టంగా లేదు.

"నాన్నా, ఒక పని చేద్దాం. ఈ దిగువ ఇరవై ఎనిమిదీ అత్త ఒక్కొక్కటీ చూస్తుంది. పనికొస్తుందన్న చెట్టు ఉంచుదాం, అక్కడిదాకా కాలవ తవ్వి నీళ్ళు బయటికి పంపిద్దాం. పనికిరాదన్నది తీసేద్దాం, దాని చోట వాళ్ళ మొక్క పెడదాం. కానీ అత్తా, జాలి పడకూడదు."

"జాలా? జాలి పడే ఇంతదాకా తెచ్చాను" అంది జామక్క.

ఇంట్లోంచి సున్నం డబ్బా తెచ్చారు. ఉంచే చెట్టు మొదలుకి ఒక గీత. డబ్బా కండక్టరు పట్టుకున్నాడు. కొడుకు కోసిచ్చాడు. తోటాయన మాత్రం మంచం మీదే, అటు తిరిగి కూర్చున్నాడు.

మొదటి చెట్టు కాయ కొరికింది. "నీళ్ళు. తీసెయ్యండి." రెండోది నీళ్ళు. మూడోది నీళ్ళే కానీ అడుగున బలం ఉంది, కాలవ తవ్వితే కోలుకుంటుంది, గీత పెట్టమంది. నాలుగోది గట్టుకి పైన ఉంది, బాగుంది. అయిదు, ఆరు, ఏడు వరసగా పోయాయి. కండక్టరు అలవాటు కొద్దీ, "తరవాత, తరవాత" అంటూ ముందుకి కదిలేవాడు. పదో చెట్టు దగ్గర ఆ మాట మానేశాడు.

వెనక మిషను వాళ్ళు టీ తాగడానికి ఆపారు. తోట ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పడిన చెట్ల మీదికి అప్పుడే పిట్టలు చేరుతున్నాయి.

పద్నాలుగు చెట్లు అయ్యేసరికి గీతలు అయిదు. ఆవిడ నాలుక మొద్దుబారింది. మంచినీళ్ళు పుక్కిలించి, చెంగుతో మూతి తుడుచుకుని, పదిహేనో చెట్టు కిందికి వెళ్ళింది. అది తోటలోకల్లా ముసలి చెట్టు. మొదలు రెండుగా చీలి ఉంది. కొడుకు చేతికందే కొమ్మనుంచి ఒకటి కోసిచ్చాడు. కొరికింది. నమిలింది. మింగలేదు. తోటాయన ఇటు తిరగకపోయినా, వీపు నిటారుగా చేసి వింటున్నాడని ముగ్గురికీ తెలుస్తోంది.

"ఏంటి అత్తా? ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

జామక్క నోట్లోది పక్కకి ఊసేసి తలెత్తి చూసింది. చిటారుకొమ్మన ఎండ పడుతున్న చోట రెండు కాయలు వేలాడుతున్నాయి.

"తెలియడంలేదు" అంది. "కింది కొమ్మది చూసి చెప్పను. ఎక్కి, ఆ పైది ఒకటి కోయి."